పాత మెషీన్లలో తెరుచుకునే ఫైళ్లు కొత్తదాంట్లో తెరుచుకోవట్లేదు (జెడ్ డ్రైవ్, నాస్ బాక్సు)

స్టాంపుపేపర్ · సోమవారం రాత్రి 9:48

నమస్కారమండి. మాది తెనాలిలో డాక్యుమెంట్ రైటర్ ఆఫీసు. నాలుగు కంప్యూటర్లు, ఒక మూలన రెండు హార్డ్ డిస్కులున్న నాస్ బాక్సు (నెట్‌వర్కులో అందరం పంచుకునే ఫైళ్ల పెట్టె). పదేళ్ల దస్తావేజుల డ్రాఫ్టులన్నీ ఆ బాక్సులోనే ఉన్నాయి. నలుగురమూ జెడ్ డ్రైవ్ అని పెట్టుకుని వాడుకుంటాం. బాక్సుకు పాస్‌వర్డ్ లేదు. పెట్టినతను "మీ ఇంట్లో బీరువాకి మీకు మీరే తాళం ఎందుకండీ" అన్నాడు, సరే అన్నాం.

మూడు మెషీన్లు విండోస్ 10. దానికి సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిందని మా తమ్ముడు పోరు పెడితే ఒకటి మార్చాను, విండోస్ 11 ప్రో. ఇవాళ పాతదాని డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లన్నీ దీంట్లో వేసి ఒకటి నొక్కితే తెరుచుకోలేదు. బాక్సు పేరు కొట్టి చూస్తే మూడు లైన్ల ఇంగ్లీషు వచ్చింది. మీ సంస్థ భద్రతా విధానాలు ఈ ఫోల్డరును అడ్డుకుంటున్నాయని దాని సారం. సంస్థ అంటే ఎవరండీ? ఇక్కడ ఉన్నది నేను, మా తమ్ముడు, ఇద్దరు టైపిస్టులు. మాలో ఎవరం ఏ విధానమూ పెట్టలేదు.

రేపు పదకొండింటికి రిజిస్ట్రేషన్ స్లాట్ ఉంది, పార్టీ గుంటూరు నుంచి వస్తున్నారు. కాస్త చూడండి.

అమీర్‌పేట_బ్యాచ్ · సోమవారం రాత్రి 9:55

సింపుల్ బ్రో. కంట్రోల్ ప్యానెల్, విండోస్ ఫీచర్స్, ఎస్ఎంబి 1.0 టిక్ పెట్టు. ఫైర్‌వాల్ ఆఫ్ చెయ్. రీస్టార్ట్. నేను అందరికీ ఇదే చెప్తా, వందకి వంద.

కేబుల్_బాబాయి · సోమవారం రాత్రి 10:10

స్టాంపుపేపర్ గారూ, పై సలహా జోలికి పోకండి. ముందు రేపటి పని: ఆ దస్తావేజు పాత మెషీన్ మీద తెరిచి ప్రింట్ తీసుకోండి. కొత్తదాని సంగతి తీరిగ్గా చూద్దాం. స్లాట్ పెట్టుకుని ఎవరూ సెట్టింగులు కెలకకూడదు.

ఎస్ఎంబి అంటే నెట్‌వర్కులో ఒక మెషీన్ ఇంకోదాన్ని ఫైలు అడిగే భాష. అందులో 1 అనేది ముసలి భాష. 2017 మేలో, ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగే వానాక్రై అనే పురుగు పాకింది ఆ దారిలోనే. ఇంగ్లండులో ఆసుపత్రుల పనులు స్తంభించాయి, మన ఏపీ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి ప్యాచ్ (ఆ కంత పూడ్చే అప్‌డేట్) రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ ఏడాది ఆఖర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా ఎక్కించిన మెషీన్లలో ఎస్ఎంబి 1ని విండోసే తీసేస్తూ వచ్చింది. తలుపు ఇరుక్కుందని గోడ పగలగొట్టక్కర్లేదు.

కొత్త మెషీన్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి (మామూలుగానే తెరవండి, అడ్మినిస్ట్రేటర్‌గా వద్దు) నెట్ యూజ్ అని, పక్కన జెడ్ కోలన్, ఆ పక్కన రెండు బ్యాక్‌స్లాష్‌లతో బాక్సు పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డరు పేరు కొట్టండి. నేను తెలుగులో రాస్తున్నానని మీరూ తెలుగులో కొట్టేరు! కింద సిస్టమ్ ఎర్రర్ అని ఒక నంబరు వస్తుంది. నాకు ఆ నంబరు కావాలి. ఎక్స్‌ప్లోరర్ చెప్పే సోదికన్నా ఆ నంబరు నయం.

అమీర్‌పేట_బ్యాచ్ · సోమవారం రాత్రి 10:14

బాబాయి మళ్లీ హిస్టరీ క్లాసు తీశాడు 😄

స్టాంపుపేపర్ · సోమవారం రాత్రి 10:31

మొదటిసారి 53 వచ్చింది. చూస్తే బాక్సు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను. సరిచేస్తే 1272. ఫొటో పెడుతున్నా.

నిర్వాహకుడు · సోమవారం రాత్రి 10:36

ఫొటో తీసేశాను. తెర పక్కన తెరిచి ఉన్న దస్తావేజులో ఎవరిదో ఆధార్ నంబరు స్పష్టంగా కనబడుతోంది. ఇక్కడ ఫొటో పెట్టేవాళ్లందరూ ముందు అంచులు కత్తిరించి పెట్టండి.

స్టాంపుపేపర్ · సోమవారం రాత్రి 10:38

అయ్యో. క్షమించండి, చూసుకోలేదు.

కేబుల్_బాబాయి · సోమవారం రాత్రి 10:57

1272 అంటే బోధపడింది. మీ బాక్సు పాడవలేదు, కొత్త మెషీనూ పాడవలేదు. మీ వృత్తి భాషలోనే చెప్తా.

పాస్‌వర్డ్ లేకుండా వెళ్తే బాక్సు మిమ్మల్ని గెస్టుగా లోపలికి రానిస్తుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, ప్రో ఎడిషన్ ఆ గెస్టు దారిని మొదటే మూసేసింది. దానికి తోడు, అవతలి నుంచి వచ్చే ప్రతి డేటా పొట్లం మీదా సంతకం ఉండాలంటుంది. ఆ సంతకం పుట్టేది పాస్‌వర్డ్ నుంచే. గెస్టుకు పాస్‌వర్డ్ లేదు కాబట్టి సంతకం లేదు, కనీసం నిశానీ కూడా వేయలేడు. సంతకం లేని దస్తావేజు రిజిస్ట్రారు తీసుకుంటాడా? ఇదీ అంతే. "మీ సంస్థ" అన్న మాట ఊరికే కంగారు పెట్టడానికి తప్ప ఎందుకూ కాదు. సంస్థ లేకపోయినా అదే వాక్యం చూపిస్తుంది.

యూట్యూబులో దీనికి విండోస్ రిజిస్ట్రీలో (లోపలి సెట్టింగుల చిట్టాలో) గెస్టును మళ్లీ అనుమతించే కిటుకు చెప్తారు. పనిచేస్తుంది కూడా. చెయ్యొద్దనే నా మాట. ఒక ప్రశ్న: మీ ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ ఎంతమంది పార్టీలకు ఇచ్చారు?

స్టాంపుపేపర్ · సోమవారం రాత్రి 11:02

గోడ మీద రాసి పెట్టామండి.

కేబుల్_బాబాయి · సోమవారం రాత్రి 11:09

అదీ సంగతి. ఆ గోడ ముందు కూర్చున్న ఎవరి ల్యాప్‌టాప్‌లో పురుగున్నా, పదేళ్ల దస్తావేజుల్ని చదవొచ్చు, చెరపొచ్చు, తాళమేసి డబ్బులడగొచ్చు. కొత్త మెషీన్ ఒక్కటే ఇది బాగోలేదని నోరు తెరిచి చెప్పింది. మిగతా మూడూ మొహమాటస్తులు.

చేయాల్సింది: బ్రౌజరులో బాక్సు పేజీ తెరిచి నలుగురికీ నాలుగు యూజర్లు చేయండి, పాస్‌వర్డ్‌లు పెట్టండి, ఆ ఫోల్డరు మీద చదవడం, రాయడం రెండు హక్కులూ ఇవ్వండి. గెస్టును ఇప్పుడే తీసేయకండి, మిగతా మూడు మెషీన్లూ మారాక తీయండి. తర్వాత కొత్త మెషీన్లో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద బాక్సు పేరు, యూజర్, పాస్‌వర్డ్ చేర్చండి. విండోస్‌లోకి వెళ్లేటప్పుడు కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ పనికిరాదు, బాక్సులో పెట్టిన పాస్‌వర్డే కావాలి. సగం మంది ఇక్కడే బోల్తా పడతారు.

ఓరుగల్లు_ల్యాన్ · మంగళవారం ఉదయం 7:20

బాబాయి చెప్పింది కరెక్టే. నాదొక మాట. 53 వస్తే పేరు తప్పు ఒక్కటే కాదన్నా. మా దగ్గర కరెంటు పోయి వచ్చిందంటే రౌటరు బాక్సుకు కొత్త ఐపీ (నెట్‌వర్కులో దాని అడ్రసు నంబరు) ఇస్తుండె. మెషీన్లన్నీ పాత ఐపీ పట్టుకొని వెతుకుతుండె. పొద్దుగాల ఆఫీసుకు పోతే అందరి జెడ్ మీద ఎర్ర గుర్తు. ఆర్నెల్లు బాక్సునే తిట్టిన. తర్వాత రౌటరులో ఆ బాక్సుకు ఒకటే ఐపీ రిజర్వ్ చేసిన, రోగం పోయింది.

పింగ్ కొడితే (ఉన్నవా అని బాక్సును పలకరిస్తే) జవాబు వస్తుంది గానీ ఫోల్డరు రాదంటే 445 పోర్టు చూడాలె. ఎస్ఎంబి నడిచేది దాని మీదనే. యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ అడ్డం పడుతది ఒక్కోసారి.

స్టాంపుపేపర్ · మంగళవారం మధ్యాహ్నం 2:15

రిజిస్ట్రేషన్ అయిపోయిందండి, పాత మెషీనే ఆదుకుంది. భోజనం చేసి కూర్చున్నా.

యూజర్లు చేశాను. ముందు అడ్మిన్ పేరుతో ప్రయత్నిస్తే లోపలికి వెళ్లింది. అది బాగోదని నా పేరుతో మళ్లీ కొడితే 1219 వచ్చింది. పాస్‌వర్డ్ తప్పా?

డల్లాస్_నైట్‌షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 2:24

ఇక్కడ ఇంకా తెల్లవారలేదు, డ్యూటీలో ఉన్నా కాబట్టి నేనే చెప్పేస్తా. పాస్‌వర్డ్ తప్పయితే 1326 వచ్చేది. హక్కు లేకపోతే 5. ఫోల్డరు పేరు తప్పయితే 67. 1219 అంటే ఒకే బాక్సుకు ఒకే మెషీన్ నుంచి ఇద్దరి పేర్లతో వెళ్తున్నారని. విండోస్ దానికి ఒప్పుకోదు. అడ్మిన్ పేరుతో తెరిచిన కనెక్షన్ ఇంకా బతికే ఉంది.

అదే ప్రాంప్ట్‌లో నెట్ యూజ్, స్టార్ గుర్తు, స్లాష్ డిలీట్. అన్నీ తెగిపోతాయి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో అడ్మిన్ పేరు పడి ఉంటే అదీ తీసేయండి. సైన్ అవుట్ అయి వచ్చి మీ పేరుతో వెళ్లండి.

ఆడిట్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 2:40

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా ఆడిట్ ఆఫీసులో షేర్డ్ ఫోల్డరులోని ఎక్సెల్ తెరిస్తే "మరొకరు ఎడిట్ చేస్తున్నారు" అని తాళం వేసుకుంటోంది. ఆ మరొకరు ఎవరో చూస్తే నా పేరే!

డల్లాస్_నైట్‌షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 2:52

అక్కా, ఎక్సెల్ ఫైలు తెరిచినప్పుడు అదే ఫోల్డరులో అదే పేరుతో, ముందు అలల గీత, డాలరు గుర్తు ఉన్న చిన్న దాపుడు ఫైలు ఒకటి పుడుతుంది. తెరిచినవాళ్ల పేరు అందులో ఉంటుంది. మూసినప్పుడు అది చావాలి. మధ్యలో కరెంటు పోయినా, వైఫై తెగినా అది అక్కడే ఉండిపోతుంది. అందరూ ఎక్సెల్ మూశాక దాపుడు ఫైళ్లు కనబడేలా చేసి దాన్ని తొలగించండి. పోనంటే సర్వర్ మెషీన్లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్ చూడండి, పట్టుకున్నవాళ్లు కనబడతారు. అక్కడి నుంచే మూసేయొచ్చు.

ఇంకోటి. ఎక్స్‌ప్లోరర్ కుడి పక్కన ప్రివ్యూ పేన్ పెట్టుకునే అలవాటుందా? తెరవకుండా ఊరికే ఫైలు మీద నిలబడ్డా అది పట్టుకుంటుంది.

ఆడిట్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 3:05

ప్రివ్యూ పేన్! మా ఆర్టికల్ కుర్రాడు పెట్టుకున్నాడు. నాలుగు నెలలుగా నెట్‌వర్క్ బాగోలేదని నేను ఎవరెవరిని పిలిపించానో మీకు తెలియదు.

స్టాంపుపేపర్ · మంగళవారం సాయంత్రం 4:30

1219 పోయింది. జెడ్ వచ్చింది. కానీ ఇప్పుడు మూడు కొత్త తలనొప్పులు.

ఒకటి, తెచ్చిన షార్ట్‌కట్లు ఒక్కటీ పనిచేయట్లేదు, ఫైలు లేదంటున్నాయి. ఫోల్డరులోకి వెళ్లి చూస్తే ఫైలు అక్కడే ఉంది. రెండు, అలా లోపలికి వెళ్లి తెరిస్తే చాలావరకు తెరుచుకుంటున్నాయి గానీ, పాత కొన్ని ఫైళ్లు వర్డ్‌లో తెరిస్తే దొరకలేదని వస్తోంది. అవే మా టైపిస్టు మెషీన్లో శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. మూడు, తెరుచుకున్నవి కూడా పైన పసుపు పట్టీతో, ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది జాగ్రత్త అని. గదిలో మూడడుగుల దూరంలో ఉన్న బాక్సు ఇంటర్నెట్ ఎలా అయిందండీ?

కేబుల్_బాబాయి · మంగళవారం సాయంత్రం 5:10

మూడోది తేలిక. జెడ్ కలిపేటప్పుడు బాక్సు పేరు ఇచ్చారా, ఐపీ ఇచ్చారా? ఐపీయే అయి ఉంటుంది. పేరులో చుక్కలుంటే విండోస్ దాన్ని బయటి వెబ్‌సైటు లెక్కన చూస్తుంది. ఐపీ నిండా చుక్కలేగా. తెంపి, బాక్సు పేరుతో కలపండి, పట్టీ పోతుంది. ఐపీయే వాడాల్సి వస్తే ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ, లోకల్ ఇంట్రానెట్, సైట్స్‌లో ఆ ఐపీ చేర్చండి. ప్రొటెక్టెడ్ వ్యూ (ఆ పసుపు పట్టీ పేరు అదే) మొత్తం ఆపేయమని ఎవరైనా చెప్తే వినకండి. మెయిల్లో వచ్చే చెత్తకు మీకున్న అడ్డుగోడల్లో అదొకటి.

మొదటి రెండూ నాకు ఒకే రోగంలా అనిపిస్తున్నాయి. టైపిస్టు మెషీన్లో నెట్ యూజ్ అని మాత్రమే కొట్టండి. జెడ్ అసలు ఎక్కడికి వెళ్తోందో చూపిస్తుంది. కొత్తదాంట్లోనూ కొట్టి రెండూ ఇక్కడ రాయండి.

స్టాంపుపేపర్ · మంగళవారం సాయంత్రం 5:34

చుక్కల సంగతి నిజమే, పేరుతో కలిపితే పట్టీ పోయింది.

టైపిస్టుది: బాక్సు, లోపల ఆఫీసు, లోపల దస్తావేజులు, లోపల తెనాలి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పరిధి. జెడ్ అంటే అదీ.
కొత్తది: బాక్సు, లోపల ఆఫీసు. అంతే.

ఓహో.

రెండుబైట్లు · మంగళవారం సాయంత్రం 5:50

ఆ "ఓహో" కోసమే చూస్తున్నా. ఎన్నాళ్ల నుంచో ఇక్కడ ఇది చెప్పాలనుకుంటున్నా, ఇన్నాళ్లకు సందు దొరికింది.

రెండు మెషీన్లలోనూ జెడ్ అనే అక్షరం ఒకటే, అది తెరుచుకునే గది వేరు. పాత షార్ట్‌కట్ జెడ్‌లో అడుగుపెట్టగానే 2019 ఫోల్డరు ఉంటుందనుకుంటుంది. కొత్త జెడ్‌లో అది రెండు గదులు లోపల ఉంది. అందుకే లేదంటోంది.

రెండోది తెలుగువాళ్ల రోగం. మామూలుగా విండోస్‌లో ఒక ఫైలు పూర్తి దారి, డ్రైవ్ అక్షరం నుంచి పేరు చివరిదాకా, 260 దాటకూడదు. ఎక్సెల్ ఇంకా ముందే, 218 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క మన కంటికి కనబడే అక్షరాలది కాదు. ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "అమ్మకపు దస్తావేజు" తీసుకోండి. కంటికి ఎనిమిది అక్షరాలు, ఒక ఖాళీ. విండోస్ లెక్కలో అ, మ, పొల్లు, మ, క, ప, కొమ్ము, ఖాళీ, ద, స, పొల్లు, త, దీర్ఘం, వ, ఏత్వం, జ, కొమ్ము. మొత్తం 17.

ఇప్పుడు మీ "తెనాలి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పరిధి" లెక్కపెట్టా: 39. "దస్తావేజులు" 11. రెండు స్లాష్‌లు. కొత్త మెషీన్లో ప్రతి ఫైలు దారీ 52 పొడుగైంది. పాత మెషీన్లో 220 దగ్గర బతికిపోతున్న ఫైలు ఇక్కడ 272 అయి గీత దాటింది. కొత్త జెడ్‌ను కూడా ఆ లోపలి ఫోల్డరుకే కలపండి. షార్ట్‌కట్లు, పాత ఫైళ్లు రెండూ ఒకేసారి లేచి కూర్చుంటాయి.

రిజిస్ట్రీలో పొడుగు దారుల్ని అనుమతించే సెట్టింగు ఉంది గానీ ప్రోగ్రామ్ కూడా దానికి ఒప్పుకోవాలి. వర్డ్‌ని నమ్ముకుని దాని జోలికి వెళ్లకండి.

స్టాంపుపేపర్ · మంగళవారం సాయంత్రం 6:20

లేచి కూర్చున్నాయండి! 2014 నాటి దానపత్రం కూడా తెరుచుకుంది.

మరి ఇంకొకటి అడుగుతా. కొన్ని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి, బాక్సులోకి వేస్తే పేరు పొడుగైందని పడవు. జెడ్ పైనే, ఏ ఫోల్డరూ లేకుండా వేసినా పడవు. అది కూడా 260 లెక్కేనా?

రెండుబైట్లు · మంగళవారం సాయంత్రం 6:41

కాదు, అది బాక్సు లెక్క. మీ పెన్‌డ్రైవ్ ఒక్క పేరుకు 255 అక్షరాలు ఇస్తుంది. బాక్సులో నడిచేది లినక్సు, అదీ 255 ఇస్తుంది గానీ 255 బైట్లు. తెలుగులో ప్రతి ముక్కా, పొల్లుతో సహా, మూడు బైట్లు. అంటే 85 ముక్కలకే అయిపోయింది. చుక్కతో కలిపి వర్డ్ తోకకు (.docx) 5 బైట్లు పోతే మిగిలేవి 83. ఇంగ్లీషు పేరయితే 250. ఇందాకటి "అమ్మకపు దస్తావేజు" ఒక్కటే 49 బైట్లు తినేసింది.

బాబాయి మాటలకు భయపడి ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ (బయటివాళ్లు చదవలేని రూపంలోకి మార్చడం) కూడా చేద్దామనుకుంటే ముందే చెప్తున్నా, కొన్ని బాక్సుల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరులో పేరుకు 143 బైట్లే. తెలుగుకు 47 ముక్కలు.

మరో చిక్కు, కంటికి కనబడనిది. ఫోనెటిక్ కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత, ఒత్తు పడకుండా, వెడల్పు లేని ఒక గుర్తు వేస్తాయి. "రిజిస్ట్రేషన్‌" అని ఒకరు గుర్తుతో, ఇంకొకరు గుర్తు లేకుండా కొడితే చూపుకు రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు ఫైళ్లు. పేరు చేత్తో కొట్టి తెరిస్తే దొరకదంటుంది, వెతికినా చూపించదు. మీ ఇద్దరు టైపిస్టులూ ఒకే కీబోర్డు వాడతారా?

స్టాంపుపేపర్ · మంగళవారం సాయంత్రం 6:55

ఒకాయన ఫోనెటిక్, ఇంకొకామె ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఎలా ఉన్నాయా అని ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటున్నారు ఏడాది నుంచి. ఇవాళ ఇద్దరికీ టీ పోస్తాను.

అమీర్‌పేట_బ్యాచ్ · మంగళవారం రాత్రి 8:12

సరే ఒప్పుకుంటున్నా. మా రూములో నాస్‌కి కూడా గెస్టే ఉంది, ఇప్పుడు వెళ్లి తీసేస్తున్నా. ఒక డౌటు. మా ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే "డ్రైవ్‌లన్నీ కలపలేకపోయాం" అని వస్తుంది, కాసేపాగి జెడ్ నొక్కితే తెరుచుకుంటుంది. అది కూడా 24హెచ్2 గొడవేనా?

కేబుల్_బాబాయి · మంగళవారం రాత్రి 8:30

కాదురా. వైఫై అందుకునేలోపే విండోస్ జెడ్‌ను వెతికేసింది. వైరు పెట్టుకో, లేదా ఆ పది సెకన్లు ఓపిక పట్టు.

స్టాంపుపేపర్ · బుధవారం ఉదయం 10:05

మిగతా మూడు మెషీన్లకూ యూజర్లు పెట్టి గెస్టును తీసేశాను. గోడ మీది వైఫై పాస్‌వర్డ్ చెరిపించాను, పార్టీలకు రౌటరులో వేరే గెస్ట్ వైఫై పెట్టాడు మా తమ్ముడు. ఇప్పుడు పేర్లు కుదించే పనిలో ఉన్నాడు. ప్రతి ఫైలు పేరులోనూ "సర్వే నంబరు" అని పూర్తిగా ఉంటుంది. దాన్ని "స.నం." చేస్తే ఏమైనా కలిసొస్తుందా, లేక శ్రమ దండగా?

రెండుబైట్లు · బుధవారం ఉదయం 10:19

31 బైట్లు కాస్తా 11 అవుతుంది. ఫైలుకు 20 మిగులు. చేయమనండి.